నీళ్ల మీద నడిచే నల్లులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానాకాలం నాట్లు మొదలై కుంటల్లోకి కొత్త నీళ్లు రాగానే నీళ్ల పైన ఉరికే చిన్న పురుగుల గురించి ఉత్తరాలు వస్తాయి. ఈసారి వచ్చినవన్నీ ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాటేసి ఇరవై రోజులైంది. మడిలో నీళ్ల మీద ఆవగింజంత నల్ల పురుగులు గుంపులుగా ఉరుకుతున్నాయి. మందుల దుకాణంలో చెప్తే ‘నల్లి మందు’ ఇచ్చారు. కొట్టాలా, వద్దా? – ఒక రైతు, నర్సంపేట

కొట్టకండి. మీరు చెప్పిన గుర్తులన్నీ మైక్రోవీలియా అనే నీటి నల్లికి సరిపోతున్నాయి. మన వరి మడుల్లో ఎక్కువగా కనిపించేది మైక్రోవీలియా డగ్లాసి. ఒంటి పొడవు ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్లు. ఇది పైరును ముట్టదు. నీళ్ల మీద పడిన చిన్న పురుగుల రసం పీల్చి బతుకుతుంది, అందులో మీకు పనికొచ్చేది సుడిదోమ (వరి దుబ్బు మొదట్లో రసం పీల్చే పురుగు, మనుషులను కుట్టే దోమ కాదు) పిల్లలను తినడం.

తికమకంతా పేరు దగ్గర వచ్చింది. మన వ్యవసాయ భాషలో ‘నల్లి’ అని రెండు వేర్వేరు రకాలను పిలుస్తాం. మిరపలో తెల్లనల్లి, వరిలో కంకినల్లి సాలీడు చుట్టాలు. వాటికి ఎనిమిది కాళ్లు, మామూలు కంటికి సరిగ్గా ఆనవు. కంపునల్లి, మిరిడ్ నల్లి, మంచంలో నల్లి మాత్రం ఆరు కాళ్ల కీటకాలు, సూదిలాంటి ముక్కుతో పీలుస్తాయి. మైక్రోవీలియా ఈ రెండో రకం. ‘నల్లి పడింది’ అని అడిగితే దుకాణంలో మొదటి రకానికి మందిస్తారు. అది మీ మడికి దండగ.

ఒక్కసారి మడి గట్టు మీద కూర్చుని చూడండి. దుబ్బు మొదలును చేత్తో రెండుసార్లు తట్టండి. సుడిదోమ పిల్లలుంటే నాలుగైదు నీళ్లలో రాలతాయి. రాలినది కాళ్లు కొట్టుకుంటే నీటి పైపొరలో సన్నటి అలలు లేస్తాయి. ఆ అలలను కాళ్లతోనే పసిగట్టి మైక్రోవీలియాలు పరుగున వస్తాయి. మొదటిది ముక్కు గుచ్చుతుంది, వెనకే ఇంకో మూడు నాలుగు చేరతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు పెద్ద దోమను లొంగదీయలేవు. గుంపుగా ఉంటేనే వీటి బలం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ రైతుల కోసం ఇచ్చిన లెక్క ప్రకారం ఒక్కో మైక్రోవీలియా రోజుకు 4 నుంచి 7 దోమలను తింటుంది. తిండి దొరకని రోజుల్లో కూడా నేల తడిగా ఉన్నంత కాలం చావకుండా ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. సుడిదోమ పెరిగినప్పుడు మడి ఆరగట్టమని మేమే చెబుతాం, అది సరైన సలహానే. కానీ మడంతా నెర్రెలు వచ్చేదాకా ఆరితే మైక్రోవీలియా కూడా పోతుంది. అందుకని నీళ్లు తీసేటప్పుడు మడి పల్లపు మూలన రెండడుగుల వెడల్పు, జానెడు లోతు గుంట ఒకటి తీసి అందులో నీళ్లు నిలవనివ్వండి. మళ్లీ నీళ్లు పెట్టగానే అక్కడి నుంచే పాకుతాయి.

నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు ఆడి దోమ తగ్గుతుంది. మీకు ఆ బాటల్లో కూర్చుని లెక్కపెట్టుకోవడానికీ వీలు. లెక్కకు ఇనుప తీగతో 50 సెంటీమీటర్ల చదరం చట్రం చేసుకోండి. ఎండ ముదరకముందే మడిలో ఐమూలగా పది చోట్ల నీళ్ల మీద పెట్టి, లోపల ఉన్న మైక్రోవీలియాలను లెక్కించి వారం వారం రాసుకోండి. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15 సుడిదోమలు దాటితేనే మందు ఆలోచన చేయాలి. అప్పుడు కూడా సింథటిక్ పైరిత్రాయిడ్ల జోలికి పోవద్దు. అవి దోమ కన్నా ముందు దాన్ని తినేవాటిని చంపుతాయి, పది పదిహేను రోజుల్లో దోమ రెట్టింపై తిరిగొస్తుంది. మందు నీళ్ల మీద పడకుండా కొట్టడం కుదరదు, నీళ్ల మీద పడిన మందు ముందు తగిలేది నీళ్ల మీద ఉన్నవాటికే.

ప్రశ్న: నీళ్ల మీద తిరిగేవన్నీ ‘వాటర్ స్ట్రైడర్లే’ అని మా ల్యాబ్‌లో రాయించారు. కానీ ఒకే కుంటలో నాలుగైదు ఆకారాలు కనిపిస్తున్నాయి. కుటుంబాల వరకైనా ఎలా విడదీయాలి? – బీఎస్సీ విద్యార్థిని, హనుమకొండ

మీ కన్ను సరిగ్గానే పట్టింది. నీటి మీద బతికే ఈ నల్లుల గుంపు పేరు గెర్రోమార్ఫా. ప్రపంచంలో 2000కు పైగా జాతులు, ఎనిమిది కుటుంబాలు. వాటర్ స్ట్రైడర్లు అందులో ఒక్క కుటుంబమే, గెర్రిడే.

కొంచెం చరిత్ర తెలిస్తే విభజన ఎందుకిలా ఉందో అర్థమవుతుంది. 1833లో ఫ్రాన్సుకు చెందిన లియాన్ దుఫూర్ నల్లులను నీటిలోవి, నీటి అంచువి, నేల మీదివి అని మూడుగా పంచాడు. అది నివాసాన్ని బట్టి చేసిన పంపకం. 1971లో రష్యా శాస్త్రజ్ఞుడు పొపొవ్ గెర్రోమార్ఫా అనే పేరు పెట్టాడు. 1982లో డెన్మార్క్‌కు చెందిన నీల్స్ మోలర్ ఆండర్సన్ ఒంటి నిర్మాణం అంతా పోల్చి వంశవృక్షం గీశాడు. ఇప్పటికీ కుటుంబాలు గుర్తుపట్టేటప్పుడు మనం వాడేది చాలావరకు ఆయన ఎంచిన లక్షణాలనే. తర్వాత వచ్చిన జన్యు పరిశీలనల్లో వీలిడే అనే పెద్ద కుటుంబం ఒకే తల్లి వేరు నుంచి వచ్చింది కాదని తేలుతోంది, కాబట్టి ఆ గీతలు ఇంకా మారతాయి. పరీక్షకు ఎనిమిది కుటుంబాలు రాయండి, గుర్తింపుకు లక్షణాలు నమ్మండి.

ముందు మీ పురుగు గెర్రోమార్ఫానేనా అని తేల్చుకోండి. మీసాలు తల కన్నా పొడవుగా, పైనుంచి కనిపిస్తూ, నాలుగు కణుపులతో ఉండాలి. మీసాలు కనిపించకుండా తల కింద దాక్కుని ఉంటే అది నీటి లోపల బతికే నెపోమార్ఫా: నీటి తేలు, వెల్లకిలా ఈదే నల్లి లాంటివి.

తర్వాత 20 రెట్ల లెన్స్ కింద కాలి గోళ్లు చూడండి. మిగతా లక్షణాలన్నిటికన్నా దీన్నే మేము ముందు చూస్తాం. గోళ్లు పాదం చివరి అంచున ఉంటే ఒక దారి, అంచుకు కొద్దిగా వెనక నుంచి మొలిచి ఉంటే ఇంకో దారి. నీటి పొరను గోరు కొన చీల్చకుండా వెనక్కి జరిగిన కుటుంబాలు రెండే మన దగ్గర కనిపిస్తాయి: వీలిడే, గెర్రిడే.

గోళ్లు చివర ఉన్నవి మూడు. తల పుల్లలా సాగి, కళ్లు ఆ పుల్ల మధ్యలో ఎక్కడో ఉంటే హైడ్రోమెట్రిడే. సెంటీమీటరుకు అటూ ఇటూ పొడవు, దారప్పోగు లాంటి ఒళ్లు, నెమ్మదైన నడక. ఒక్కసారి చూస్తే మర్చిపోరు. రెండోది మెసోవీలిడే: 2 నుంచి 4 మిల్లీమీటర్లు, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు, పాదానికి మూడు కణుపులు, కాళ్ల మీద నల్లటి ముళ్లలాంటి వెంట్రుకలు. మూడోది హెబ్రిడే. ఇది చాలామంది చేతి నుంచి జారిపోతుంది. 2 మిల్లీమీటర్ల చుట్టూ ఉండే బొద్దు పురుగు, ఒళ్లంతా మఖమల్ లాంటి నూగు. తల కింద ముక్కు ఇమిడే గాడి ఉంటుంది, పాదానికి కణుపులు రెండే. నాచు మీద, తడి బురద మీద కూర్చుంటుంది, నీళ్ల నడిమికి రాదు. అందుకే కుంట మధ్యలో వల తిప్పినవారికి హెబ్రిడే ఒక్కటీ దొరకదు.

గోళ్లు వెనక ఉన్న రెండు కుటుంబాల దగ్గరే తప్పులు ఎక్కువ. పుస్తకాల్లో ‘వెనక తొడ పొట్ట చివర దాటితే గెర్రిడే’ అని ఉంటుంది. పెద్దవాటికి అది సరే. చిన్నవాటిలో మోసపోతారు. తల నడినెత్తి మీద నిలువుగా సన్నటి గాడి ఉందా చూడండి. ఉంటే వీలిడే, లేకపోతే గెర్రిడే. దానికి తోడుగా కాళ్లు ఎక్కడ పుట్టాయో కింద నుంచి చూడండి. గెర్రిడేలో నడిమి కాళ్లు వెనక కాళ్ల దగ్గరికి జరిగి, ముందు కాళ్లకు దూరంగా ఉంటాయి, ఎందుకంటే వాటితోనే తెడ్లు వేస్తుంది. మైక్రోవీలియాలో మూడు జతలూ దాదాపు సమాన దూరంలో ఉంటాయి, అది మామూలు కీటకంలా మూడేసి కాళ్లు మార్చుతూ నడుస్తుంది.

వీలిడే లోపల పాదం కణుపులు లెక్కపెడితే మైక్రోవీలియాకు ముందు కాలిలో ఒకటి, మిగతావాటిలో రెండేసి. రాగోవీలియాకు అన్నిటిలో మూడేసి, పైగా నడిమి పాదం చీలి, లోపల మడిచిన విసనకర్ర ఉంటుంది. ఆ విసనకర్ర తెరుచుకునే రాగోవీలియా ఉరికే నీళ్ల మీద నిలబడుతుంది. ఇది ఈ ప్రజాతికే ప్రత్యేకమైన జన్యువుల వల్ల ఏర్పడుతుందని 2017లో తేలింది.

మిగిలిన మూడు కుటుంబాల కోసం మీరు వెతకక్కరలేదు. మాక్రోవీలిడే ఉత్తర అమెరికా, దక్షిణాఫ్రికాలది, పారాఫ్రైనోవీలిడే దక్షిణాఫ్రికా ప్రాంతానిది, హెర్మటోబాటిడే సముద్రంలో పగడపు దిబ్బల దగ్గరిది.

ప్రశ్న: మా బడి పక్క కుంటలో ఒకే రకం పురుగుకు కొన్నిటికి రెక్కలున్నాయి, కొన్నిటికి లేవు. లేనివి పిల్లలా, వేరే జాతా? – ఉపాధ్యాయుడు, ములుగు

రెండూ కాకపోవచ్చు. ఈ కుటుంబాల్లో ఒకే జాతిలో పూర్తి రెక్కలవి, కురచ రెక్కలవి, రెక్కలే లేనివి ఉంటాయి. నీళ్లు నిలకడగా ఉన్న చోట రెక్కలు లేనివి ఎక్కువ, ఎందుకంటే రెక్కల కండరాలకు పోయే శక్తి గుడ్లకు పోతుంది. కుంట ఎండిపోయే రోజుల్లో, పురుగులు కిక్కిరిసినప్పుడు రెక్కలవి పెరుగుతాయి. మే నెలలో బోసిపోయిన కుంటలో జూలైకల్లా మళ్లీ ఇవి కనిపించడానికి కారణం ఆ ఎగిరి వచ్చినవే. రాత్రిపూట దీపపు ఎరలో మైక్రోవీలియా పడటం కూడా అందుకే.

పిల్లను, రెక్కలు లేని పెద్దదాన్ని విడదీసేది పాదమే. పిల్లకు అన్ని పాదాలూ ఒకే కణుపు. పెద్దదానికి నడిమి, వెనక పాదాల్లో కనీసం రెండు. పొట్ట చివరి భాగం కూడా చూడండి: పెద్దవాటిలో జననాంగాల ఖండాలు స్పష్టంగా విడివడి ఉంటాయి. మామూలుగా పిల్ల దశలు ఐదు. మైక్రోవీలియాలో, మెసోవీలియాలో కొన్ని నాలుగు దశలతోనే ముగిస్తాయి.

ఇంకొక మాట. రెక్క చివర తుంచినట్టు కనిపిస్తే పట్టుకునేటప్పుడు తెగిందని అనుకోకండి. మెసోవీలియా లాంటివి ఎగిరి వచ్చి కుదురుకున్నాక తమ రెక్కలను తామే విరుచుకుంటాయి. పిల్లలకు చూపించదగిన విషయం ఇది.

ప్రశ్న: మా ఊరి చెరువులో తూము దగ్గర ఇవి బోలెడు. బట్టలుతికే రేవు దగ్గర ఒక్కటీ లేదు. నీళ్లు ఒకటే కదా? – ఒక పాఠకురాలు, పరకాల

నీళ్లు ఒకటే, పైపొర ఒకటి కాదు. శుభ్రమైన నీటి తలతన్యత (పైపొర బిగువు) 25 డిగ్రీల దగ్గర మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు, డిటర్జెంట్ కలిస్తే 30 దగ్గరకు పడిపోతుంది. ఈ పురుగులు తేలేది ఆ పొర బలం మీద, కాళ్ల మీది నూగు మీద. 2004లో చైనా శాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే స్ట్రైడర్ ఒక్క కాలు తన ఒంటి బరువుకు 15 రెట్లు మోయగలిగింది. కాలి మీద ఉన్న అతిసన్నని వెంట్రుకల మధ్య గాలి ఇరుక్కుని నీటిని అంటనివ్వదు. సబ్బు నీళ్లు ఆ వెంట్రుకల మధ్యకు పాకుతాయి. అప్పుడు కాలు తడుస్తుంది, పురుగు మునుగుతుంది.

రేవు రాయి పక్కన నురుగు ఆరాక కూడా నీటి మీద సన్నటి రంగుల తెర కనిపిస్తుంది. ఆ తెర సాగినంత మేర ఇవి రావు. మోటరు నూనె, దోమలకు వేసే ఆయిల్ బాల్స్ చేసేది కూడా ఇదే పని. నిలిచిన మురుగు కాలువలో ఆయిల్ బాల్ వేయడం తప్పదేమో కానీ, నాచు, తామర ఉన్న చెరువులో వేస్తే దోమ పిల్లలను, నీటి మీదికి వచ్చే దోమలను తినే హైడ్రోమెట్రా, మైక్రోవీలియాలే ముందు పోతాయి.

విచిత్రమేమిటంటే తలతన్యత తగ్గించే విద్య మైక్రోవీలియా దగ్గరా ఉంది. ప్రమాదం వస్తే ముక్కు నుంచి లాలాజలం వెనక నీళ్ల మీదికి చిమ్ముతుంది. వెనక పొర బలం తగ్గుతుంది, ముందు పొర లాగుతుంది, కాలు కదపకుండానే పురుగు సర్రున జారిపోతుంది.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వరంగల్ చుట్టుపక్కల నీటి నల్లులు సేకరిస్తున్నాను. పోయిన నెల తెచ్చినవన్నీ కాళ్లు, మీసాలు ఊడిపోయి పేరు పెట్టడానికి పనికిరాలేదు. ఎక్కడ తప్పు జరిగింది? – పరిశోధక విద్యార్థి, వరంగల్

మూడు చోట్ల జరిగి ఉండొచ్చు. మొదటి నుంచి చెబుతాం.

పట్టడానికి పెద్ద వల ఒక్కటే సరిపోదు. గెర్రిడేకు అది చాలు, చిన్నవాటికి చాయ్ వడగట్టే స్టీలు జాలి కావాలి, 10 సెంటీమీటర్ల వెడల్పుది. ఒడ్డు నుంచి అరమీటరు లోపలి వరకు, నీటి పైపొరను మాత్రమే గీరుతూ జాలి లాగండి. లోతుగా ముంచితే బురద, నాచు వచ్చి పురుగు నలుగుతుంది. అంతరతామర, తామరాకుల అంచులు, తుంగ మొదళ్లు విడిగా చూడాలి. నాచు ముద్దను తెల్లటి ట్రేలో వేసి పది నిమిషాలు ఊరుకోండి, హెబ్రిడే వాటంతట అవే పైకి వస్తాయి. ఆ ట్రేను సబ్బుతో కడగొద్దు. కడిగితే ఎంత తుడిచినా మిగిలే పొరకు పురుగులు తేలలేక కిందికి పోతాయి, ‘ఏమీ దొరకలేదు’ అని మీరు రాసుకుంటారు. ఉత్త నీళ్లతో నాలుగుసార్లు తొలిచి వాడండి.

ట్రే నుంచి చిమటాతో పట్టుకోవడం మీ రెండో తప్పై ఉంటుంది. మెత్తటి కుంచె కొనను ఆల్కహాల్‌లో ముంచి పురుగుకు తగిలిస్తే అంటుకుని వస్తుంది.

సీసాల్లో 70 నుంచి 80 శాతం ఇథైల్ ఆల్కహాల్ ఉండాలి. 95 శాతం స్పిరిట్ నుంచి 70 చేయాలంటే స్పిరిట్ 70 మిల్లీలీటర్లు కొలిచి, మొత్తం 95 మిల్లీలీటర్లు అయ్యేదాకా స్వేదనజలం పోయండి. డీఎన్‌ఏ కోసం అయితే 95 శాతంలోనే వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కానీ అందులో ఒళ్లు పెళుసవుతుంది, ఆకారం చూడటానికి వేరుగా 70 శాతంలో కొన్ని ఉంచుకోవాలి. ఫార్మలిన్ అస్సలు వద్దు, కీళ్లు బిగుసుకుంటాయి, డీఎన్‌ఏ పాడవుతుంది.

5 మిల్లీలీటర్ల సీసాలో మూడో వంతుకు మించి పురుగులు నింపకండి. పురుగుల ఒంట్లో నీరు దిగి ఆల్కహాల్ పలచబడుతుంది, కాబట్టి మరుసటి రోజు మార్చాలి. ఇక కాళ్లు ఊడటానికి అసలు కారణం చాలాసార్లు గాలి బుడగ. సగం నిండిన సీసా బండి మీద వస్తుంటే బుడగ పైకీ కిందికీ కొట్టుకుని కాళ్లు విరుస్తుంది. సీసా అంచుదాకా నింపి, టిష్యూ కాగితం చిన్న ముక్క లోపల నొక్కి, మూత పెట్టండి. దూది వద్దు, గోళ్లు దాని పోగుల్లో చిక్కుకుంటాయి. పెద్ద గెర్రిడేను చిన్నవాటితో ఒకే సీసాలో వేయొద్దు. బతికున్నవి తెస్తుంటే ఇది మరీ ముఖ్యం, దారిలోనే ఒకదాన్నొకటి తింటాయి.

జాతి తేల్చడానికి మగవి కావాలి. మైక్రోవీలియా, హెబ్రస్ జాతులను మగ జననాంగాలు చూడకుండా రాయడం ఊహే అవుతుంది. పొట్ట చివరి ఖండాలు వేరుచేసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచండి. 10 గ్రాములు ముందు కొద్ది నీటిలో కరిగించి, చల్లారాక 100 మిల్లీలీటర్లు చేయాలి. ద్రావణం వేడెక్కుతుంది, కళ్లద్దాలు, గ్లవుజులు ఉండాలి. పొద్దున నీళ్లలో కడిగి, వెనిగర్ చుక్క వేసిన నీళ్లలో మరోసారి కడిగి, గ్లిజరిన్‌లోకి మార్చి చూడండి. చూశాక అదే పురుగు సీసాలోనే చిన్న గొట్టంలో దాచండి. జననాంగం ఒక చోట, పురుగు ఒక చోట అయితే రెండూ పనికిరావు.

లేబుల్ సీసా లోపల ఉండాలి. పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. అభయారణ్యాల్లో, ఉదాహరణకు పాకాల, ఏటూరునాగారంలో, అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఏమీ పట్టొద్దు.

ప్రశ్న: ఉత్తర తెలంగాణలో ఏ రకం ఎక్కడ దొరుకుతుందో చెబుతారా? పాత జాబితాల్లో ‘వరంగల్ జిల్లా’ అని మాత్రమే ఉంది. – ప్రకృతి పరిశీలకుడు, కరీంనగర్

ఊరి పేరు కన్నా నీటి స్వభావం అడగండి, ఎక్కువ తెలుస్తుంది. కాకతీయుల నాటి చెరువులు, వాటి కింది మడులు, అడవి ఒర్రెలు, గోదావరి ఒడ్డు: ఒక్కోదానికి ఒక్కో గుంపు.

చెరువు నడిమి తెరిపి నీళ్లలో పొడుగు కాళ్ల గెర్రిడే: లిమ్నోగోనస్, అక్వేరియస్. లిమ్నోగోనస్ ఫోస్సరమ్‌కు 1775లోనే ఫాబ్రీషియస్ పేరు పెట్టాడు, ఆసియా అంతటా మడుల్లో, చెరువుల్లో కనిపించే జాతి ఇది. తామరాకుల మధ్య నీడలో చిన్నది, రాగడోటార్సస్ అనే గెర్రిడ్. దీని మగది కాలితో నీళ్లు తట్టి అలల సంకేతాలు పంపి ఆడదాన్ని పిలుస్తుంది. అంతరతామర, నాచు తెప్పల మీద మెసోవీలియా. మెసోవీలియా విట్టిగేరా ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా విస్తరించింది, కాబట్టి మీ కుంటలో దొరికితే ఆశ్చర్యం లేదు, రాసుకోవడం మాత్రం మానొద్దు. ఒడ్డు అంచున, గడ్డి నీడలో మైక్రోవీలియా, హైడ్రోమెట్రా. మత్తడి దూకే చోట, రాళ్ల మధ్య ఉరికే ఒర్రెల్లో రాగోవీలియా, మెట్రోకోరిస్ లాంటివాటిని వెతకాలి. అవి నిలిచిన నీళ్లలోకి దిగి రావు. చెరువు ఒకటి చూసి ‘ఈ మండలంలో రాగోవీలియా లేదు’ అని రాయడం అందుకే తప్పు.

పాత జాబితా సంగతి. 2016 అక్టోబరుకు ముందు ‘వరంగల్ జిల్లా’ అంటే ఇప్పటి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ ప్రాంతాలు కలిసిందే. ఆపై 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. 2014 జూన్ 2కు ముందరి రికార్డుల్లో రాష్ట్రం ‘ఆంధ్రప్రదేశ్’ అని ఉంటుంది. ఆ రికార్డును ఊరు తెలియకుండా కొత్త జిల్లాలోకి మార్చకండి. ‘పాత వరంగల్ జిల్లా’ అనే ఉంచండి. పాకాల గుట్టల్లో దొరికినదాన్ని జనగామ మెరకల లెక్కలో వేస్తే మ్యాపు మొత్తం అబద్ధమవుతుంది.

మీరు కొత్తగా రాసేటప్పుడు ఊరు, మండలం, జిల్లాతో పాటు ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత నాలుగు అంకెల వరకు తీసుకోండి. నాలుగో అంకె సుమారు 11 మీటర్ల తేడా చూపుతుంది, చెరువులో తూమూ మత్తడీ విడిగా తెలియడానికి అది చాలు. నీళ్లు నిలిచినవా, పారేవా, నీడా, ఎండా, ఏ మొక్క, తేదీ, గంట రాయండి. వెతికి దొరకని చోటును కూడా ‘ఎంతసేపు వెతికాను’ అని రాసి ఉంచండి. నమూనాలు సరిచూపించుకోవాలంటే జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో మంచినీటి జీవుల ప్రాంతీయ కేంద్రం ఉంది.

ప్రశ్న: ఇవి కుడతాయా? – ఒక తల్లి, మంచిర్యాల

నీటి మీద నడిచేవాటితో భయం లేదు. పెద్ద గెర్రిడ్‌ను పిడికిట్లో నొక్కితే ముక్కు గుచ్చవచ్చు, కాసేపు మంట పుడుతుంది. గట్టిగా కుట్టేవి నీటి లోపల ఉండేవి: వెల్లకిలా ఈదేవి, నీటి తేలు, అరచేతి వెడల్పు పెద్ద నీటి నల్లి. పిల్లలకు వాటిని చేత్తో పట్టనివ్వకండి, జాలితో చూపించండి.

ప్రశ్న: కాళేశ్వరం దగ్గర గోదావరి తడి ఇసుక మీద, దగ్గరికి పోగానే ఎగిరి దూకే చిన్న నల్ల నల్లులు చూశాను. నీళ్ల మీదికి రావు. ఇవీ మైక్రోవీలియాలేనా? – అదే కరీంనగర్ పాఠకుడు

కావు. కళ్లు పెద్దగా ఉబ్బి, మూత్రపిండం ఆకారంలో ఉన్నాయా? అయితే అవి సాల్డిడే, ఒడ్డు నల్లులు. గెర్రోమార్ఫా కాదు, లెప్టోపోడోమార్ఫా అనే వేరే గుంపు. తడి బురద మీద, ఇసుక మీద బతుకుతూ దూకి కొద్ది దూరం ఎగిరి వాలతాయి. ప్రజాతి తేల్చాలంటే ముందురెక్క చివరి పల్చటి భాగంలో మూసుకున్న గళ్లు లెక్కపెట్టండి, నాలుగో ఐదో ఉంటాయి.

నిలబడి పోతే దొరకవు. మీ నీడ వాటి మీద పడకుండా సూర్యుడి వైపు ముఖం పెట్టి కూర్చోండి. ఒక గాజు గ్లాసు బోర్లించండి, దాని కిందికి సన్నటి అట్ట జరపండి. పొద్దున తొమ్మిదిలోపు, ఇసుక చల్లగా ఉన్నప్పుడు ఇవి బద్ధకంగా ఉంటాయి.